పెద్దపిల్లలకు ఇంట్లో పాఠం చెప్తుంటే నాలుగేళ్ల చిన్నోణ్ణి కుదురుగా ఉంచేదెట్లా?

పుస్తకాలు గుంజుతున్నాడంటే వాడికి కావాల్సింది మీరే. అందుకే పాఠం మొదలుపెట్టకముందే కడుపు నింపి, పావుగంట వాడొక్కడితోనే ఆడండి. వేసవిలో పాలమూరు ఎండకు పొద్దెక్కితే బయట ఆట కుదరదు, పరుగులన్నీ పొద్దున్నే కానివ్వండి.

ఈ వయసులో ఒక పని మీద పది, పదిహేను నిమిషాలు నిలిస్తే గొప్ప. గంట పాఠానికి నాలుగు పనులు సిద్ధంగా ఉంచండి: బట్టల క్లిప్పులు గిన్నె అంచుకు పెట్టడం, గిన్నెలకు మూతలు జతచేయడం, పాత క్యాలెండర్ వెనక గీతలు, పిండిముద్ద. ముద్దకు గ్లాసు గోధుమపిండి, పావు గ్లాసు ఉప్పు, చెంచా నూనె, కొద్దికొద్దిగా నీళ్లు. జొన్నపిండి వద్దు, సాగే గుణం లేక విరిగిపోతుంది. పాఠం అయిపోగానే ఇవన్నీ అటకెక్కాలి. రోజంతా చేతికందితే రెండోనాటికే మొహం మొత్తుతాయి.

చింతగింజలు మీరు పక్కన కూర్చున్నప్పుడే ఇవ్వండి, ముక్కులో దూర్చుకుంటారు. పల్లీలు అసలే వద్దు, నవ్వుతూ నోట్లో వేసుకుంటే ఊపిరిగొట్టంలోకి పోతాయి. నీళ్ల బకెట్ దగ్గర ఒక్కణ్ణే వదలొద్దు.

లెక్కల్లాంటి కష్టమైన పాఠం వాడు మధ్యాహ్నం పడుకున్నప్పటికి పెట్టుకోండి. మిగతా వేళ పెద్దపిల్లల్లో ఒకరు చదువుతుంటే ఇంకొకరు ఇరవై నిమిషాలు వాణ్ణి ఆడించాలి, తర్వాత మార్చుకోవాలి. అంగన్‌వాడీలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలను తీసుకుంటారు, దగ్గర్లో ఉంటే పొద్దటిపూట పంపండి. ఫోన్ మాత్రం అలవాటు చేయకండి, లాక్కున్నప్పుడు వచ్చే ఏడుపుకే అరగంట పాఠం పోతుంది.