అన్నం పొట్లంలో కరపత్రం పెట్టాలా?

సోదరీ, మీరు అడిగినవి రెండు. ముక్కూ మొహం తెలియని వారికి సాయం చేయడం విశ్వాసంలో భాగమంటున్నారు సరే, మోసపోతే ఎలా అన్నది మొదటిది. సాయం చేస్తూ యేసు ప్రభువు గురించి చెప్పాలా, మానాలా అన్నది రెండోది. రెండోదాని గురించి మా ఇంట్లో ఒకసారి పెద్ద వాదనే జరిగింది. ముందు అది చెబుతాను.

మాది పెన్నకు ఉత్తరాన, కోవూరు దగ్గర హైవేను ఆనుకుని ఉన్న ఊరు. 2021 నవంబరు వరదలకు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది, జాతీయ రహదారికి గండి పడింది. చెన్నై వైపు వెళ్లాల్సిన లారీలు, బస్సులు, కార్లు మా ఊరి ముందు బారులు తీరి ఆగిపోయాయి. ఊళ్లో కరెంటు లేదు. మా వీధి చివర మోకాలి లోతు నీళ్లు. మా ఇల్లు మెరక మీద ఉండబట్టి బతికిపోయాం.

తెల్లవారుతూనే అమ్మ పెద్ద గిన్నె పొయ్యి మీదికి ఎక్కించింది. మా ఇంట్లో వంటకు బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. నెల చివర అది సంఘానికి వెళుతుంది. ఆ డబ్బా అప్పటికి నిండుగా ఉంది. అమ్మ దాన్ని బోర్లించేసింది. పాస్టరు గారికి చెప్పవద్దా అన్నాను. తరువాత చెబుదాంలే అంది.

కానీ వచ్చినవాళ్లు ముందు అడిగింది అన్నం కాదు. బస్సులోని ఆడవాళ్లు నలుగురు గేటు దగ్గర నిలబడి, ఎలా అడగాలో తెలియక నీళ్లు నమిలారు. వాళ్లకు కావలసింది బాత్రూము. నిజం చెప్పాలంటే నేను వెనకాడాను. మోటారు ఆడదు, నీళ్లన్నీ చేతి పంపు కొట్టి మోయాలి. పైగా ఒకరికి తలుపు తీస్తే వెనుక నలభై మంది వస్తారు. వచ్చారు కూడా. రెండు రోజులు బకెట్లు మోసి నా భుజాలు పడిపోయాయి. ఒక పంజాబీ డ్రైవరుకు పులిహోర పొట్లం ఇవ్వబోతే నవ్వి, క్యాబిన్‌లో ఉన్న పొయ్యి, పిండి సంచి చూపించాడు. ఆయన అడిగింది రెండు క్యాన్ల మంచినీళ్లు. ఏం పెట్టాలా అని మనం తెగ ఆలోచిస్తాం గానీ, ఏం కావాలని అడిగితే సగం పని తేలికవుతుంది.

ఇదంతా మేమొక్కళ్లమే చేశామని అనుకోకండి. మసీదు వీధి నుంచి పెద్ద డేగిశాలు వచ్చాయి, రామాలయం దగ్గర ఇంకో వంట నడిచింది. రొట్టెల పండుగకు నెల్లూరు దర్గా దగ్గరి స్వర్ణాల చెరువులో దిగి, ఎవరో ఏమిటో తెలియని వారి చేతి రొట్టె అందుకుని తినే జిల్లా ఇది.

వాదన వచ్చింది పొట్లాలు కట్టేటప్పుడు. మా సంఘంలోని ఒక కుర్రవాడు సువార్త కరపత్రాల కట్ట తెచ్చి, పొట్లానికి ఒకటి చొప్పున పెట్టడం మొదలుపెట్టాడు. మంచి పిల్లవాడే, ఉద్దేశమూ మంచిదే. అమ్మ అతని చేయి పట్టుకుని ఆపింది. "ఆకలితో ఉన్నవాడు వద్దనలేడు బాబూ. వద్దనలేని వాడికి ఇవ్వడం ఏం మర్యాద?" అంది. అతను ఒప్పుకోలేదు. రొట్టెలు పంచిన ప్రభువు బోధ కూడా చేశాడుగా అన్నాడు. అప్పుడు అమ్మ ధాత కరువు సంగతి ఎత్తింది.

అమ్మ పుట్టిల్లు ఒంగోలు వైపు. అక్కడి బాప్టిస్టు కుటుంబాల్లో క్లౌ దొర కథ తెలియని ముసలివాళ్లు ఉండరు. 1876-78 నాటి ఆ కరువులో అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేల మందికి పని, కూలి చూపించాడు. కూలికి వచ్చినవాళ్లలో బాప్తిస్మం ఇవ్వమని అడిగినవాళ్లు బోలెడంత మంది. ఆయన ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారా, దేవుని కోసం వచ్చారా అన్నది వాళ్లకే తేలాలని, ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. కరువు సాయం ఆగిపోయాక, ఇక తన దగ్గర పంచడానికి ఏమీ లేదని తెలిసీ వచ్చినవాళ్లకు ఇచ్చాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరూ ఆ అంకె చెప్పుకుని మురిసిపోతారు. అమ్మకు మాత్రం ఆ ముందు ఆగిన రోజులంటేనే గొప్ప. కుర్రవాడు కరపత్రాలు సంచిలో పెట్టుకున్నాడు. పూర్తిగా ఒప్పుకుని కాదనుకోండి, అమ్మతో వాదించలేక.

ఇక మోసపోవడం. మోసపోతారు, అందులో సందేహం లేదు. నెల్లూరు బస్టాండులో ఒకాయన జేబు కొట్టేశారని, ఉదయగిరి వెళ్లాలని అంటే 200 రూపాయలు ఇచ్చాను. పదిరోజుల తరువాత అదే మనిషి, అదే జేబు, ఊరు మాత్రం ఆత్మకూరు. ఈసారి నేను తెలివిగా ఆత్మకూరు బస్సు ఎక్కించి, కండక్టరు చేత టికెట్టు కొట్టించి, బస్సు కదిలేదాకా నిలబడ్డాను. పాపం, పని లేకపోయినా వెళ్లాల్సి వచ్చింది. ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకున్నాను. ప్రభువు చెప్పిన కథలో, దొంగలు కొట్టి పడేసిన వాణ్ణి ఆదుకున్న మంచి సమరయుడు కూడా డబ్బు గాయపడ్డవాడి చేతికి ఇవ్వలేదు, పూటకూళ్లవాడికి ఇచ్చాడు అని లేఖనం కూడా జోడించాను. అమ్మ నవ్వలేదు. "ఆయన ముందు గాయాలు కట్టాడు. నువ్వు ఆ మనిషి అన్నం తిన్నాడో లేదో అడిగావా?" అంది. అడగలేదు.

అప్పటి నుంచి డబ్బు అడిగితే పక్కనున్న హోటలుకు తీసుకెళ్లి భోజనం పెట్టిస్తాను. కొందరు విసుక్కుని వెళ్లిపోతారు, కొందరు తింటారు. తిన్నవాళ్లలోనూ మోసగాళ్లు ఉండే ఉంటారు, కాని వాళ్లకూ ఆకలి వేస్తుంది కదా. అలాగని మీరు ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు రాత్రివేళ తలుపు తీయమని చెప్పను. వరద రోజుల్లో మేమిద్దరం ఆడవాళ్లమే కాబట్టి చీకటి పడ్డాక గేటుకు తాళం వేశాం. నీళ్ల క్యాన్లు బయట అరుగు మీద పెట్టాం.

మీ రెండో ప్రశ్నకు ఒక ముక్క మిగిలిపోయింది. అసలు చెప్పకూడదని కాదు. రెండో రోజు మధ్యాహ్నం కొందరు మా వరండాలోనే కూర్చుని తిన్నారు. వాళ్లలో పెద్దవయసు తమిళ డ్రైవరు ఒకాయన గోడ మీది వాక్యపు క్యాలెండరు వైపు, అమ్మ వైపు మార్చి మార్చి చూసి, ఎందుకమ్మా మాకింత చేస్తున్నారు అని అడిగాడు. అమ్మ వచ్చీరాని అరవంలో, "మా ఏసయ్య చెయ్యమన్నాడు. పప్పు సరిపోయిందా?" అంది.

ఆయన విస్తరాకు కాస్త ముందుకు జరిపాడు.