విండోస్ 7 నడిచే చవకైన పీసీ ఏది?

ప్రశ్న: చిక్కడపల్లిలో శుభలేఖలు ముద్రించే చిన్న ప్రెస్ మాది. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, పాత తెలుగు ఫాంట్లు విండోస్ 7 మీదే సవ్యంగా పనిచేస్తున్నాయి. ఆ పీసీ మదర్‌బోర్డు పాడైంది. తక్కువ ఖర్చులో ఏ భాగాలు తీసుకోవాలో సూచించగలరు.

జవాబు: కొత్త భాగాల జోలికి వెళ్లకండి. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. ఇంటెల్ 7వ తరం, ఆపై ప్రాసెసర్ల మీద దానికి అధికారిక ఆమోదమే లేదు. 6వ తరంతోనూ చిక్కే: ఆ బోర్డుల యూఎస్‌బీకి అవసరమైన డ్రైవరు (పరికరాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్) విండోస్ 7 డిస్కులో ఉండదు కనుక, భాషను ఎంచుకోమనే మొదటి తెర మీదే మౌస్ బాణం కదలకుండా నిలిచిపోతుంది.

మీకు సరిపోయేది ఇంటెల్ 4వ తరం ఐ3 లేదా ఐ5 ప్రాసెసర్, దానికి సరిపడే హెచ్81 రకం మదర్‌బోర్డు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో సెకండ్‌హ్యాండ్‌వి అడిగి చూడండి. కొనేముందు ప్రాసెసర్ తీయించి, సాకెట్‌లోని పిన్నులను టార్చి వెలుగులో పరిశీలించండి. ఒక్కటి వంగి ఉన్నా ఆ బోర్డు వద్దు. కీబోర్డు, మౌస్‌లను నీలం రంగువి (యూఎస్‌బీ 3; వీటి డ్రైవరూ విండోస్ 7 డిస్కులో ఉండదు) కాక నల్లటి యూఎస్‌బీ పోర్టులకు తగిలించండి. మీ పనికి విడిగా గ్రాఫిక్స్ కార్డు దండగ.

ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీ మాత్రం కొత్తదే, అదీ సాటా రకమే తీసుకోండి; ఎన్‌వీఎంఈ అనే మరో రకాన్ని విండోస్ 7 అదనపు అప్‌డేట్ లేనిదే గుర్తించదు. మీది 32 బిట్ విండోస్ అయితే 4 జీబీకి మించి ర్యామ్ వేసినా వృథాయే. భద్రతా అప్‌డేట్లు రావు గనుక ఈ పీసీకి ఇంటర్నెట్ ఇవ్వకండి. కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవులను ముందు వేరే పీసీలో స్కాన్ చేయండి.