బాబు చెయ్యి లేపడం లేదు... కేసు వేయమంటారా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మా బాబుకు నాలుగో నెల నడుస్తోంది. గర్భంతో ఉన్నప్పుడు నాకు షుగర్ వచ్చింది. చివరి స్కాన్‌లో బిడ్డ బాగా పెద్దగా ఉన్నాడన్నారు, అంతకుమించి ఏమీ చెప్పలేదు. నార్మల్ కాన్పే అయింది. తల బయటికి వచ్చాక భుజం ఇరుక్కుపోయింది. ఇద్దరు నర్సులు నా మోకాళ్లను పొట్టమీదికి మడిచి పట్టుకున్నారు, ఇంకొకరు పొత్తికడుపు దగ్గర నొక్కారు. బరువు 4 కిలోల 200 గ్రాములు. అప్పటి నుంచి కుడిచెయ్యి లేపడు. వేలు పెడితే గట్టిగానే పట్టుకుంటాడు కానీ చెయ్యి పక్కకు వాలిపోయి, అరచెయ్యి వెనక్కి తిరిగి ఉంటుంది. ‘నరం సాగింది, అదే సర్దుకుంటుంది’ అన్నారు. మావాళ్లంతా కేసు వేయమంటున్నారు. నిలుస్తుందా?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, కేసు సంగతికి తర్వాత వస్తాను. బాబు కుడి మోచేతిని తనంతట తాను మడుస్తున్నాడా? అది మీరు రాయలేదు. మడవకపోతే ఈ జవాబు అచ్చయ్యేదాకా ఆగడం కూడా ఆలస్యమే. పసిపిల్లల నరాలకు శస్త్రచికిత్స చేసే సర్జన్‌కు ఈ వారమే చూపించండి.

మీరు వర్ణించినది ఎర్బ్స్ పాల్సీలా ఉంది. మెడ నుంచి చేతికి వెళ్లే నరాల గుంపులో పైవి రెండు దెబ్బతింటే చెయ్యి ఇలా వాలిపోతుంది. వేలు పట్టుకుంటున్నాడంటే కింది నరాలు పనిచేస్తున్నట్టే, అది మంచి మాట. చాలామంది పిల్లలకు ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది. కానీ 3 నెలలు నిండినా మోచెయ్యి మడిచే కండరంలో కదలిక లేకపోతే ‘సర్దుకుంటుంది’ అని కూర్చోకూడదు. నరానికి అతుకు వేయాలంటే మొదటి ఏడాదిలోపే వేయాలి. నరం అందని కండరం ఏడాది, ఏడాదిన్నర దాటితే మళ్లీ లేవదు. దావాకు గడువు చాలాచోట్ల ఏళ్లలో ఉంటుంది, ఈ చేతికి ఉన్నది నెలలే. భుజం బిగుసుకుపోకుండా ఫిజియోథెరపిస్ట్ నేర్పిన కదలికలు రోజూ చేయించండి.

ఇక కేసు. నేను కాన్పులు చేసిన మనిషిని. రిటైరయ్యాక ఇరుపక్షాల లాయర్లూ పంపిన ఫైళ్లు చదివి అభిప్రాయం రాస్తుంటాను. నేను చెప్పబోయేది మీవాళ్లకు రుచించకపోవచ్చు. భుజం ఇరుక్కున్నప్పుడు తల్లి మోకాళ్లు పొట్టమీదికి మడవడం, పొత్తికడుపు ఎముక మీదుగా నొక్కడం సరైన పద్ధతులే. పొట్ట పైభాగాన నొక్కితే తప్పు. మీరు రాసినదాన్ని బట్టి ఆ గదిలోని వాళ్లు చేయాల్సిందే చేశారు. చెయ్యి పడిపోయింది కాబట్టి ఎవరో గట్టిగా లాగేసి ఉంటారు అనుకోవడం సహజం, కోర్టుకు అది చాలదు. ప్రసవపు ఒత్తిడికే ఈ నరాలు సాగిపోవచ్చు. అరుదుగా సిజేరియన్‌లోనూ ఇలా జరుగుతుంది.

అందుకే నేను ఫైలు తెరవగానే వెతికేది ఒకే వాక్యం: ఏ భుజం ముందువైపు ఇరుక్కుంది? మీ బాబు కుడిభుజం ముందువైపున ఉండి, కుడిచెయ్యే దెబ్బతిని ఉంటే, తలను ఎంత బలంగా లాగారన్న ప్రశ్నకు చోటుంటుంది. కుడిభుజం వెనకవైపున ఉండి ఉంటే మాత్రం డాక్టరు లాగడం వల్లే జరిగిందని నిరూపించడం బహు కష్టం. తల ఎప్పుడు వచ్చింది, ఒళ్లు ఎప్పుడు వచ్చింది, సాయానికి ఎవరిని పిలిచారు, ఏ పని తర్వాత ఏది చేశారు, ఇవన్నీ ప్రసవం నోట్సు రాసిన అదే పేజీలో ఉండాలి. కొన్ని ఫైళ్లలో ఆ పేజీ మొత్తం ‘కష్టంతో ప్రసవం’ అన్న రెండు ముక్కలతో సరి! అటువంటి ఫైలు పట్టుకుని ఆసుపత్రి తరఫున వాదించడం కూడా సుఖం కాదు.

నా దృష్టిలో మీ కేసుకు బలమంటూ ఉంటే అది లేబర్ రూమ్‌లో కాదు, అంతకుముందు చెకప్ గదిలో ఉంది. షుగర్ ఉన్న తల్లి, పెద్ద బిడ్డ: భుజం ఇరుక్కునే ప్రమాదం ఎక్కువని ఏ డాక్టరుకైనా తెలుసు. బ్రిటన్ సుప్రీంకోర్టు 2015లో తీర్పిచ్చిన మాంట్‌గోమరీ అనే తల్లి కేసు ఇలాంటిదే. ఆమెకు మధుమేహం, మనిషి పొట్టి. భుజం ఇరుక్కునే అవకాశం 9-10 శాతం ఉన్నా డాక్టరు చెప్పలేదు. 1999లో కాన్పు. తల వచ్చాక ఒళ్లు రావడానికి 12 నిమిషాలు పట్టింది, బిడ్డకు సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపు తప్పడం), చేతి నరాలకు దెబ్బ. 1957 నుంచి అక్కడ కోర్టుల కొలత ఒకటే: బాధ్యతగల తోటి వైద్యుల్లో కొందరైనా అలాగే చేసి ఉండేవారా? ప్రమాదాల గురించి చెప్పే విషయంలో ఆ కొలత చాలదనీ, ఆ తల్లి స్థానంలో ఉన్న మనిషికి ఏది ముఖ్యమో అది చెప్పి తీరాలనీ 2015 తీర్పు. నష్టపరిహారం 52.5 లక్షల పౌండ్లు.

అయితే మీది అచ్చం అలాంటిదే అనుకోకండి. షుగర్ ఉన్న తల్లికి బిడ్డ బరువు 4.5 కిలోలు దాటేలా ఉంటే సిజేరియన్ గురించి ఆలోచించమని బ్రిటన్, అమెరికా ప్రసూతి వైద్యుల సంఘాల మార్గదర్శకాలు. మీ బాబు ఆ గీతకు కిందే ఉన్నాడు. ‘సిజేరియన్ ఎందుకు చేయలేదు’ అనే వాదన అంచేత బలహీనం. ‘నాకెందుకు చెప్పలేదు’ అనేది వేరే వాదన, దానికి ప్రాణం ఉండొచ్చు. కాకపోతే చెప్పి ఉంటే మీరు సిజేరియనే కోరుకునేవారని కూడా కోర్టును ఒప్పించాలి. మీ మనసునే అడిగి చూసుకోండి.

షుగర్ రీడింగులు, స్కాన్ రిపోర్టులు, గుండె చప్పుడు గ్రాఫు, ప్రసవం నోట్సు, బాబును పరీక్షించిన కాగితాలు, అన్నిటి నకళ్లూ రాతపూర్వకంగా అడగండి. మీకు గుర్తున్నది తేదీ వేసి ఇప్పుడే రాసి పెట్టుకోండి. ఫైలు చదవకుండానే గెలుపు ఖాయమనే లాయరు వద్దు. నోటీసుకు ముందు ప్రసూతి నిపుణుడికి, పిల్లల నరాల నిపుణుడికి పంపేవాడు కావాలి. గడువు దేశాన్ని బట్టి మారుతుంది. కొన్నిచోట్ల బిడ్డ పేరున వేసే దావాకు మైనారిటీ తీరేదాకా లెక్క మొదలవదు, కొన్నిచోట్ల తల్లిదండ్రుల గడువు వేరు. ఆ తేదీలు లాయరుతో రాయించుకోండి.

ఈలోగా ఆసుపత్రి వాళ్లు రాజీకి పిలిచి డబ్బిస్తామంటే తొందరపడి సంతకం పెట్టకండి. చెయ్యి ఎంతవరకు కోలుకుంటుందో, ఆపరేషన్లు ఎన్ని కావాలో తేలకముందే రాజీపడితే, తర్వాతి ఖర్చుకు మళ్లీ అడిగే దారి చాలాచోట్ల మూసుకుపోతుంది.