సెలవు మీద వచ్చిన తమ్ముడి చేతికి కర్ర ఇచ్చిందెవరు?

ప్రశ్న: మేడమ్, మాది శ్రీకాకుళం జిల్లా. నాకు 33 ఏళ్లు. 2011లో ఆర్మీలో చేరాను. ఆర్మీ బండ్లు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో వెహికల్ మెకానిక్‌గా చేశాను. 2019 సంక్రాంతికి సెలవు మీద వచ్చినప్పుడు అన్నయ్య సాగు చేసే పొలం గట్టు దగ్గర చిన్నాన్న కొడుకుతో గొడవైంది. కర్రతో కొడితే చెయ్యి విరిగింది. తీవ్రంగా గాయపరిచానని ఐపీసీ 325 సెక్షన్ కింద కేసు పెట్టారు. అన్నయ్య మీద కూడా పెట్టారు గానీ సాక్ష్యం లేదని కొట్టేశారు. నాకు ఏడాది శిక్ష పడింది. సెషన్స్ కోర్టు ఆరు నెలలకు తగ్గించింది, నేరం మాత్రం రుజువైనట్టే అంది. 2023లో ఆర్మీ నన్ను డిస్మిస్ చేసింది. జైలు నుంచి వచ్చాక ఫండ్ డబ్బులు చేతికందితే అన్నయ్య ట్రాక్టర్ తీసుకున్నాడు. నేను దాన్ని చూసుకుంటున్నాను. ఖర్చులకు ఆయనే ఇస్తాడు. ఇప్పటికీ తెల్లవారుజామున నాలుగున్నరకే మెలకువ వస్తుంది. లేచి బూట్లు పాలిష్ చేసి పెట్టుకుని కూర్చుంటాను. నా భార్య గాజువాక వెళ్లిపోదాం అంటుంది. అన్నయ్యకు తెలిసిన ఏజెంటు 6 లక్షలిస్తే మళ్లీ చేర్పిస్తానంటున్నాడు. భార్య బంగారం అమ్మాలనుకుంటున్నాం. తిరిగి చేరే దారి ఉందా?
— పేరు వద్దు

జవాబు: ముందు మీరు అడిగినదానికి చెప్పేస్తాను. ఆ ఏజెంటు చెప్పేది అబద్ధం. బంగారం బీరువాలోనే ఉండనివ్వండి.

2022లో అగ్నిపథ్ పథకం వచ్చినప్పటి నుంచి సిపాయిల భర్తీ దాని ద్వారానే జరుగుతోంది. దానికి వయసు ఇరవైల మొదట్లోనే అయిపోతుంది. పాత సంగతి దాచి చేరదామన్నా, భర్తీ ఫారంలో ఇంతకు ముందు సర్వీసు చేశారా, శిక్ష పడిందా అని అడుగుతారు. తెలిసి అబద్ధం రాస్తే ఆర్మీ చట్టం 44వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. మీ విషయంలో కాగితం మీద ఏ మాట రాశారన్నది కూడా ముఖ్యం: డిశ్చార్జ్ వేరు, శిక్షగా తీసేసే డిస్మిస్ వేరు. డిస్మిస్ అయినవాళ్లను మాజీ సైనికుడి లెక్కలోకి తీసుకోరు. అందుకని మాజీ సైనికుల్ని కాపలా పనికి తీసుకునే డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లోకీ వెళ్లలేరు, మాజీ సైనికుల కోటాలో ఉద్యోగమూ రాదు. పింఛనుకు 15 ఏళ్ల సర్వీసు కావాలి, మీది దాదాపు పన్నెండు. 15 నిండినా డిస్మిస్ అయితే మామూలుగా ఇవ్వరు. ఇది రాయడానికి నాకు కష్టంగా ఉంది, కానీ మీకు ఇంతవరకూ ఎవరూ సూటిగా చెప్పినట్టు లేదు.

చట్టంలో మిగిలింది ఒక సన్నటి దారి. శిక్ష మీద హైకోర్టులో రివిజన్, అంటే కింది కోర్టు తీర్పును మళ్లీ పరిశీలించమనే పిటిషన్ వేయాలి. దానికి గడువు 90 రోజులు, అది ఎప్పుడో దాటింది, ఆలస్యానికి కారణం చూపి కోర్టును ఒప్పించుకోవాలి. 325 రాజీ కుదిరే సెక్షనే. దెబ్బ తిన్న మనిషి ఒప్పుకుని, కోర్టు అనుమతిస్తే, ఆ రాజీకి నిర్దోషిగా విడుదలైనంత విలువ ఉంటుంది. ఆ తర్వాతే డిస్మిస్ మీద సాయుధ దళాల ట్రైబ్యునల్‌కు వెళ్లడం. మనవాళ్లకు అది చెన్నై బెంచ్. అక్కడ గడువు ఆరు నెలలు, అదీ దాటింది, అక్కడా ఆలస్యాన్ని మన్నించమని అడగాలి. ఇవన్నీ దాటినా ఆర్మీ మిమ్మల్ని వెనక్కి తీసుకుంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. శ్రీకాకుళంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి అడగండి, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు లాయర్‌ని ఉచితంగానే ఇస్తారు. ఏజెంటుకు అక్కడ పని లేదు.

ఇక మీరు అడగని సంగతి.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో అన్నయ్య లేని చోటు లేదు. గట్టు అన్నయ్య సాగు చేసే పొలానిది. కేసులో ఆయన పేరుంది, బయటపడ్డాడు. ట్రాక్టర్ తీసుకుంది ఆయన. ఖర్చులకు ఇచ్చేది ఆయన. ఏజెంటును తెచ్చింది ఆయన. మీ భార్య మాట ఒక్క వాక్యంలో ఉంది, దాని పక్కనే అన్నయ్య మాట వచ్చి కూర్చుంది.

మా చిన్న మామయ్య జవాను. నల్ల ట్రంకు పెట్టె, దాని మీద తెల్ల రంగుతో పేరు, నంబరు. ఆయన బస్సు దిగాడంటే వీధిలో సగం మంది మా అమ్మమ్మ ఇంటి అరుగు మీదే ఉండేవారు, ప్రతివాడికీ ఒక తగాదా. కాలవ నీళ్లని ఒకడు, దారి మూసేశారని ఇంకొకడు. ‘నువ్వొచ్చి ఒక్కసారి నిలబడరా, మిలిటరీవాడివి, చూస్తేనే జడుసుకుంటారు’ అనేవారు. అమ్మమ్మ గుమ్మంలోకి వచ్చి గట్టిగా అనేది: ‘వాడొచ్చింది తిని పడుకోడానికి. ఏడాదంతా మీకు లేని పౌరుషం వాడి సెలవులోనే పుట్టిందా? వాణ్ని గట్టు మీదకి లాగితే ఊరుకోను.’ అందరి ముందూ అలా అంటే మామయ్యకు సిగ్గుగా ఉండేది. ఆ మాటల విలువ ఆయన పింఛను తీసుకున్న రోజు మాకు తెలిసింది.

మీకు అలా అడ్డుపడేవాళ్లు లేకపోయారు. ఏడాదికి 60 రోజుల సెలవు, ఆ 60 రోజుల్లోనే ఇంటివాళ్ల ఏడాది తగాదాలన్నీ తీర్చాలి. మీ భుజం మీద తుపాకి పెట్టి కాల్చారు. కర్ర ఎత్తింది మీరే, ఆ తప్పు మీదే, దాన్ని అన్నయ్య మీదకు నెట్టమని చెప్పను. కానీ పన్నెండేళ్ల సర్వీసు పోయింది మీకు, గట్టు మిగిలింది ఆయనకు. ఇది మీరు ఒక్కసారైనా పైకి అన్నారా?

అన్నయ్యంటే తండ్రి తర్వాత తండ్రి. నేనూ ఆ మాట నమ్మే పెరిగాను, ఇప్పటికీ నమ్ముతాను. తండ్రి స్థానంలో ఉన్నవాడు తమ్ముడి సంపాదనకు లెక్క చెప్పాలి, తమ్ముడి ఇల్లాలి బంగారం జోలికి రాకూడదు. ఈ రెండూ లేనప్పుడు గౌరవం ఇవ్వండి, పెత్తనం ఇవ్వకండి. 33 ఏళ్ల మనిషి, తన ఫండ్ డబ్బుతో కొన్న ట్రాక్టర్ తోలుతూ, దానికి తనే రిపేర్లు చేసుకుంటూ, ఖర్చులకు చెయ్యి చాపడం ఏమిటి? ఆ ఫండ్, అంటే సైనికుల ప్రావిడెంట్ ఫండ్ (ఏఎఫ్‌పీపీ), మీ జీతంలోంచి మీరు దాచుకున్నది. ట్రాక్టర్ ఆర్సీ ఎవరి పేరున ఉందో ఈ వారమే చూడండి. ఆయన పేరున ఉంటే, అరవకుండా, ఇద్దరు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి లెక్క రాయించుకోండి. మీ భార్య కూడా అక్కడే కూర్చోవాలి.

మీకు ఆర్మీ మీద ప్రేమ ఉంది, నాకు అర్థమైంది. తెల్లవారకముందే బూట్లు పాలిష్ చేసి, వేసుకుని వెళ్లే చోటు లేక చూస్తూ కూర్చునే మనిషి బాధ చిన్నది కాదు. అయితే అక్కడ మీకు ఇంకొకటి కూడా ఉండేదని నాకనిపిస్తోంది. అన్నయ్య ఎదురుగా లేకపోవడం. నెలనెలా డబ్బు పంపితే మంచి తమ్ముడు, పది నెలలు మాట పడక్కర్లేదు. ఇప్పుడు రోజూ ఎదురుపడాలి. మళ్లీ చేరాలన్న తపనలో సగం అదేనేమో, ఒకసారి నిజాయితీగా ఆలోచించండి.

మీ భార్య చెప్పింది సరైన మాట. గాజువాక ఆటోనగర్‌లో డీజిల్ బండి పని తెలిసినవాడికి ఆదరువు దొరుకుతుంది. మొదట్లో ఎవరి షెడ్డులోనో చేయాల్సి వస్తుంది, అద్దె ఇంటి టెన్షన్ ఉంటుంది, ఆరు నెలలు ఇబ్బందే. మిలిటరీవాడికి గ్రీజు పనేమిటని ఎవరైనా అంటే, మిలిటరీలో చేసింది కూడా ఇదే పని అని చెప్పండి.

వెళ్లేముందు చిన్నాన్న కొడుకుని చూడండి. మీ ఉత్తరంలో ఆయన చెయ్యి ఇప్పుడెలా ఉందో ఒక్క ముక్క లేదు, అది నన్ను బాధపెట్టింది. రివిజన్, రాజీ అనే మాటలు ఆ రోజు ఎత్తకండి. కాగితం కోసం వచ్చాడనుకుంటే ఆ గుమ్మం మళ్లీ తెరుచుకోదు. అన్నయ్యను వెంట తీసుకెళ్లకండి. తలుపు తీయకపోతే తిరిగి రండి, ఇంకో నెలకి మళ్లీ వెళ్లండి.

ఇంకొకటి. ఆర్మీ చట్టం 23వ సెక్షన్ ప్రకారం సర్వీసు ముగిసినవాడికి ఇచ్చే సర్టిఫికెట్ ఇంగ్లీషుతో పాటు మాతృభాషలోనూ ఉండాలి. ఎందుకు తీసేశారో, ఎన్నేళ్లు చేశారో అందులో రాస్తారు. మీది బయటకు తీసి మీ భార్య పక్కన కూర్చుని చదవండి. కారణం దగ్గర ఆగిపోకుండా కింద సర్వీసు ఎన్నేళ్లో రాసిన లైను కూడా ఆమెకు చదివి వినిపించండి. ఏజెంటు మళ్లీ ఫోన్ చేస్తే, ఆ ఫోను ఆమె చేతికివ్వండి.