రాత్రి బ్యాకప్‌ల వేళలు విడగొట్టడం గురించి

బరంపురం

అమ్మలూ,

రాయగడలో ఇంటి నుంచే నూట ఎనభై సర్వర్లు చూసుకుంటున్నావని అక్క చెప్పింది. చాలా సంతోషం. నువ్వు పంపిన క్రాన్‌ట్యాబ్ (ఏ పని ఏ వేళకి నడవాలో క్రాన్ ప్రోగ్రామ్‌కి చెప్పే జాబితా) చూశాను. అన్నిట్లోనూ బ్యాకప్ 19:00కే ఉంది. సర్వర్ల గడియారాలు మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే యూటీసీలో ఉన్నాయి కాబట్టి మనకది రాత్రి పన్నెండున్నర. సరిగ్గా ఆ వేళకే నీ స్టోరేజీ సర్వర్ మొరాయిస్తోంది. ఠాకురాణి యాత్రలో జనమంతా ఒకే సందులోకి దూరినట్టు, అన్ని బ్యాకప్‌లూ ఒక్కసారే దానిమీద పడుతున్నాయి. పెద్ద డిస్కు కొంటే తీరేది కాదిది.

వేళలు చేత్తో రాస్తూ కూర్చోకు. సర్వర్ పేరు నుంచే వేళ పుట్టాలి. సర్వర్లన్నిటినీ ఒకచోట నుంచి సర్దే యాన్సిబుల్‌లో, యాదృచ్ఛిక అంకె తీసే రాండమ్ ఫిల్టర్‌కి ఇన్వెంటరీ హోస్ట్‌నేమ్‌ని, అంటే సర్వర్ పేరుని, సీడ్‌గా ఇవ్వు. సీడ్ మారనంతవరకూ అదే అంకె వస్తుంది. అలాంటిదే అయిన పపెట్‌లో ఈ పనికే ఎఫ్‌క్యూడీఎన్-రాండ్ అనే ఫంక్షన్ ఉంది. సీడ్ మాత్రం మరిచిపోవద్దు. అది లేకపోతే ప్లేబుక్ (యాన్సిబుల్‌కి ఇచ్చే పనుల ఫైలు) నడిపిన ప్రతిసారీ వేళ మారిపోతుంది, ఏదో ఒక రాత్రి ఒక సర్వర్‌లో బ్యాకప్ రెండుసార్లు నడుస్తుంది, ఇంకోదాంట్లో అసలు నడవదు. సీడ్‌లో పని పేరు కూడా కలుపు. లేదంటే ఒకే సర్వర్‌లో బ్యాకప్, లాగ్‌ల శుభ్రం రెండూ ఒకే నిమిషానికి వస్తాయి.

ఇలా వచ్చే అంకెలు సమానంగా పరుచుకోవు. అరవై సర్వర్లని అరవై నిమిషాల్లో వేస్తే ఇరవై పైచిలుకు నిమిషాలు ఖాళీగా ఉంటాయి, కొన్నిట్లో మూడు నాలుగు పడతాయి. అందుకని నీకు గంట చాలదు, నాలుగు గంటలు తీసుకో. 0 నుంచి 239 లోపు ఒక అంకె తీసి, 60తో భాగించు. భాగఫలానికి 19 కలిపితే గంట, శేషం నిమిషం. మన తెల్లవారుజాము నాలుగున్నరలోపే అన్నీ మొదలైపోతాయి.

స్క్రిప్టు మొదట్లో యాదృచ్ఛికంగా కొన్ని సెకన్లు ఆగేలా స్లీప్ పెడితే చాలదా అని అడిగావు. వద్దు తల్లీ. ఆ సెకన్ల లెక్కలో శాతం గుర్తు (%) వాడతాం. క్రాన్‌ట్యాబ్ వరసలో అది వస్తే క్రాన్ దాన్ని కొత్త లైన్‌గా తీసుకుని కమాండ్‌ని అక్కడికే తెంపేస్తుంది. పోనీ స్క్రిప్టులో పెడదామంటే, ఉబుంటులో sh పేరుతో స్క్రిప్టులు నడిపే షెల్ బ్యాష్ కాదు, డాష్. దానికి బ్యాష్‌లోని రాండమ్ వేరియబుల్ తెలియదు, $((RANDOM % 3600)) లాంటి లెక్కలో దాన్ని సున్నా అనుకుంటుంది. ఎర్రరూ రాదు. అన్నీ సున్నా సెకన్లు ఆగి మళ్ళీ కలిసే మొదలవుతాయి. ఇలాంటిది పట్టుకోవడం చాలా కష్టం.

క్రాన్ బదులు లినక్స్‌లోని సిస్టమ్‌డీ టైమర్లకి మారితే, 247వ వెర్షన్ నుంచి ఫిక్స్‌డ్ రాండమ్ డిలే అనే సెట్టింగ్ ఉంది, సర్వర్‌కి వచ్చిన ఆలస్యం మారకుండా ఉంచుతుంది. అది ఆలస్యాన్ని మెషీన్ ఐడీని (ఒక్కో సర్వర్‌కి ఉండే గుర్తింపు సంఖ్య) బట్టి లెక్కిస్తుంది. ఒకే ఇమేజీ నుంచి క్లోన్ చేసిన సర్వర్లలో ఆ ఐడీ ఒకటేనేమో ముందు చూసుకో.

మార్పుని మొదట పది సర్వర్లలో పెట్టు. యాన్సిబుల్ తాను రాసిన వరసనే గుర్తుపడుతుంది, ఎవరో చేత్తో రాసిన పాత 19:00 వరస జోలికి పోదు. దాన్ని నువ్వే తీసేయాలి, లేకపోతే రెండూ నడుస్తాయి. తీసేశాక ఆ రాత్రి డిస్కు గ్రాఫ్ పంపు, ఇద్దరం కూర్చుని చూద్దాం. అక్కని అడిగానని చెప్పు.

మావయ్య