బాతు పిల్లల కథ పంపిన అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, దాంతో పాటు కథ అందాయి. కథ రెండుసార్లు చదివాను. ఉత్తరం మాత్రం నాలుగైదు సార్లు చదివి ఉంటాను. కథ ఎలా ఉందో చెప్పమన్నావు, చెబుతాను. కానీ ముందు ఉత్తరం అడుగున, సంతకం కూడా అయిపోయాక మార్జిన్‌లో ఇరికించి రాసిన మాటకి జవాబు చెప్పాలి. "ఆరింటినీ నేనే చంపేశానండీ" అన్నావు.

నాకు అర్థమైనంత వరకు జరిగింది ఇది. మోపెడ్ మీద జాలీ బుట్టల్లో తెచ్చి అమ్మే మనిషి దగ్గర ఏడు బాతు పిల్లల్ని కొన్నావు. వారం కూడా నిండని పిల్లలు. నాలుగు రోజులు ఇల్లంతా నీ కాళ్ళ వెంటే తిరిగాయి. ఐదో రోజు సాయంత్రం, బాతులు కదా, ఈత కొడితే సంతోషిస్తాయని పెరట్లో కుడితి తొట్టి శుభ్రంగా కడిగి, నీళ్ళు నింపి అందులో వదిలావు. అరగంట ఆడాయి. వీడియో కూడా తీశావు. తరవాత అట్టపెట్టెలో పాత తువ్వాలు పరిచి పడుకోబెట్టావు. మార్గశిరం చలి. తెల్లారేసరికి ఒక్కటే మిగిలింది.

బాతు పిల్ల నీళ్ళ వల్ల చనిపోతుందని ఎవరనుకుంటారు తల్లీ? పెద్ద బాతుకి తోక మొదట్లో ఒక నూనె గ్రంథి ఉంటుంది. ముక్కుతో ఆ నూనె తీసుకుని ఈకలకి రాసుకుంటూ ఉంటుంది కాబట్టి నీళ్ళు దాని ఒంటికి పట్టవు. పసిపిల్లకి ఆ ఏర్పాటు ఇంకా అమరి ఉండదు. దాని ఒంటి మీద ఉండేది ఈక కాదు, మెత్తని నూగు. తల్లి దగ్గర పెరిగే పిల్లకి తల్లి ఒంటి జిడ్డు అంటుతుంది, తడిసి వణుకుతూ వచ్చినా రెక్కల కింద దూరితే వెచ్చబడుతుంది. బుట్టలో వచ్చిన పిల్లలకి ఆ తల్లి లేదు. మొదటి వారంలో వాటికి 32 డిగ్రీల దాకా వెచ్చదనం కావాలి. మన ఇళ్ళల్లో ఆ రోజుల్లో రాత్రిపూట అంత వేడి ఎక్కడుంటుంది? నూగు నానిపోయింది, ఒళ్ళు చల్లబడిపోయింది. అంతే జరిగింది.

ఇది తెలిస్తే నీ ఏడుపు ఆగుతుందని చెప్పడం లేదు. ఏడవాలి కూడా. "బాతు పిల్లలకేనా ఇంత రాద్ధాంతం" అని ఇంట్లో అన్నారని రాశావు. కోతలు అయ్యాక చేలల్లోకి వందలకొద్దీ బాతులు మందగా దిగే ఊరు మీది. బాతు గుడ్ల పులుసు వండుకునే ఇల్లు మీది. అక్కడ ఆ మాట రావడం సహజం. అన్నవాళ్ళకి మనసు లేదనుకోకు. నీ చేతిలో గింజలు తిన్న పిల్ల వేరు, చేలో మంద వేరు. ఆ తేడా నీకు తెలుసు, వాళ్ళకి ఆ నాలుగు రోజుల్లో తెలిసే అవకాశం రాలేదు.

అందుకే కథలో మీ నాన్నగారి చేత అనిపించిన డైలాగు నాకు నచ్చలేదు. ఆ ఒక్క డైలాగుతో ఆయన్ని కరుకు మనిషిని చేసి పక్కన పెట్టేశావు. అదే మనిషి పొద్దున్నే ఎవరూ అడక్కుండా పలుగు తీసుకెళ్ళి జామచెట్టు కింద గొయ్యి తీశాడని నీ ఉత్తరంలోనే ఉంది. కథలో అది లేదు. ఎందుకు తీసేశావు? నీ దుఃఖం ఒంటరిది అనిపించడానికి తీసేశావేమో చూసుకో.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. ఇది నేను ఎవరికీ రాయలేదు.

1984లో, కాపురానికి వచ్చిన రెండో ఏడు, నాకూ బాతు పిల్లలు ఉండేవి. పదకొండు. గుడ్లు తెచ్చి మా నాటుకోడి కింద పొదగేశాం. కోడి గుడ్డుకి 21 రోజులు చాలు, బాతు గుడ్డుకి 28 రోజులు పడుతుంది. ఆ కోడి వారం రోజులు అదనంగా, తిండి కూడా సరిగ్గా తినకుండా కూర్చుంది. పిల్లలు దిగాక అవి కాలవలోకి పోతుంటే గట్టు మీద అటూ ఇటూ పరిగెడుతూ గోల పెట్టేది. ఆ పిల్లలకి నూకలతో పాటు వేరుశనగ చెక్క, అదే నూనె తీశాక మిగిలే పిప్పి, నానబెట్టి పెట్టేదాన్ని. వానాకాలంలో గోనెసంచి అడుగున మిగిలిపోయిన చెక్క అది. మా అత్తగారు ఒక ముక్క తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, "ముక్కిపోయిన వాసన వేస్తోందే, పారెయ్యి" అంది. అడుగున సగం సంచి ఉంది. పారెయ్యడానికి చేతులు రాలేదు నాకు. పైపైన బూజు గీకేసి, కొట్టి, నానబెట్టి పెట్టాను. ఆవిడ చూడకుండా పెట్టాను.

మొదట తిండి మానేశాయి. తరవాత నడుస్తూ నడుస్తూ పక్కకి ఒరిగిపోయేవి. ప్రాణం పోయేటప్పుడు మెడ వెనక్కి విరుచుకుని, కాళ్ళు చాచుకుని పోయేవి. వారంలో పదకొండూ పోయాయి. తెగులు వచ్చిందని ఊళ్ళో అందరికీ చెప్పాను. నాకూ అదే చెప్పుకున్నాను.

చాలా ఏళ్ళకి ఒక పత్రికలో చదివాను. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు ఎందుకో తెలియకుండా చనిపోయాయట. ఆరా తీస్తే బూజు పట్టిన వేరుశనగ చెక్క తేలింది. ఆ బూజులో పుట్టే విషానికే తరవాత అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. దానికి అన్నిటికంటే త్వరగా లొంగిపోయే ప్రాణుల్లో బాతు పిల్ల ఒకటి. ఎంత త్వరగా అంటే, దాణాలో ఆ విషం ఉందో లేదో పరీక్షించడానికి అప్పట్లో రోజుల వయసు బాతు పిల్లలకే పట్టించి చూసేవారట. ఆ వాక్యం దగ్గర పత్రిక మూసేశాను. మెడ విరుచుకోవడం గురించి కూడా అందులో రాశారు.

కానీ నేను నీతో చెప్పదలుచుకున్న తప్పు అది కాదు. ఈ పత్రిక చదవడానికి ముందే, 1987లో నేను బాతుల మీద కథ రాశాను. మనసులో ఎక్కడో చెక్క సంగతి తెలుస్తూనే ఉంది కదా, అది కథలోకి వచ్చేసింది. అయితే నా కథలో చెక్క పెట్టింది అత్తగారు. వద్దని చెప్పింది కోడలు. వారపత్రికలో అచ్చయింది. మెచ్చుకుంటూ ఉత్తరాలు వచ్చాయి. కోడలి వేదన కళ్ళకి కట్టించానని రాశారు.

మా అత్తగారికి చదువు రాదు. ఒకరోజు మధ్యాహ్నం బియ్యం ఏరుకుంటూ, "బాతుల కథ రాశావంట, చదివి వినిపించు" అంది. చదివాను. ఆ భాగం వచ్చేసరికి రెండు పేరాలు దాటేసి, తెగులు వచ్చిందని నోటికొచ్చింది కల్పించి చెప్పేశాను. ఆవిడ చివరిదాకా విని, చేటలో చెయ్యి ఆపి, "చెక్క సంగతి పెట్టలేదా?" అని అడిగింది. నేను మాట్లాడలేదు. "పోన్లే. పెడితే మళ్ళీ నీకే బాధ" అని చేట చెరగడం మొదలుపెట్టింది.

ఆవిడకి మొదటినుంచీ తెలుసు. మూడేళ్ళు ఒక్క మాట అనలేదు. తరవాత ఏడేళ్ళు బతికింది, నేను నోరు విప్పి చెప్పలేదు. ఆ కథని నా సంపుటాల్లో దేంట్లోనూ వెయ్యలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నీ కథలో "అమ్మినవాడు చెప్పలేదు" అనే మాట మూడు చోట్ల ఉంది. నిజమే, అతను చెప్పి ఉండాల్సింది. ఒక్కసారి ఉంటే అది సమాచారం. మూడోసారి వచ్చేసరికి అందులో నా అత్తగారి కథ వాసన తగిలింది నాకు. అదే కథలో నిన్ను నువ్వు "హంతకురాలు" అని ఐదు చోట్ల అనుకున్నావు. ఒక పేజీలో బరువు అతని మీదకి తోస్తావు, వెంటనే సిగ్గుపడి అంతకు పదింతలు నీ నెత్తిన వేసుకుంటావు. రెండూ చేసేది ఒకటే పని, అసలు బరువు ఎంతో చూడనివ్వకపోవడం. నీది తెలియక జరిగింది. నాది చెప్పినా వినకుండా చేసింది, ఆపైన ఇంకొకరి మీద పెట్టింది. ఈ రెండింటికీ ఒకే మాట వాడితే ఎలా? హంతకురాలు అనే మాట నీ చేతిలో ఉన్న తూకంరాళ్ళలో అన్నిటికంటే పెద్దది. దానితో ప్రతిదీ తూచకు.

ఒక పని చెయ్యి. కథ పక్కన పెట్టి, పశువుల డాక్టరుకి చెబుతున్నట్టు ఒక కాగితం రాయి. ఆయన ఏం అడుగుతాడు? ఎన్ని పిల్లలు, ఎన్ని రోజులవి, ఏం పెట్టావు, ఎన్నింటికి నీళ్ళలో వదిలావు, ఎన్నింటికి తీశావు, తుడిచావా, పెట్టె ఎక్కడ పెట్టావు, పైన బల్బు ఉందా, మొదట ఏది తల వాల్చింది. వాటిని నువ్వు ఎంత ప్రేమించావని ఆయన అడగడు. నువ్వు మంచిదానివా చెడ్డదానివా అని కూడా అడగడు. ఆ ప్రశ్నలకి మాత్రమే జవాబులు రాయి. నేను అలా రాసుకున్నది నలభై ఏళ్ళ వయసు దాటాక. "ఆవిడ చూడకుండా పెట్టాను" అనే వాక్యం ఆ కాగితం మీదే మొదటిసారి వచ్చింది. అప్పటిదాకా అది జరిగినట్టు నాకే గుర్తు లేదు.

నాకు అర్థమైంది ఇంకోటి ఉంది. తప్పు నాదే, నాదే అని తిట్టుకుంటుంటే మనసుకి ఒక ఆసరా దొరుకుతుంది. నాదే అయితే, నేను ఇంకోలా చేసి ఉంటే అవి బతికేవి కదా అనిపిస్తుంది. ఏదో మన చేతిలో ఉండేదనిపిస్తుంది. అలా అనుకోవడం కూడా మానేశాక మిగిలే ఖాళీ చాలా కష్టం. అట్టపెట్టెలో తువ్వాలు, దాని మీద నాలుగు గింజలు. ఆ ఖాళీ నీ కథలోకి ఇంకా రాలేదు. తొందరేం లేదు.

కథ చివర క్రౌంచ పక్షిని తెచ్చావు. తీసెయ్యమంటాను. శోకం శ్లోకమైందని మనవాళ్ళు ఎప్పుడూ చెప్పే మాటే, కానీ ఆ శ్లోకం మళ్ళీ ఒకసారి చదువు. అది బోయవాడికి పెట్టిన శాపం. వాల్మీకి చేతిలో బాణం లేదు. చూసినవాడు వేరు, కొట్టినవాడు వేరు కాబట్టి ఆ మాట అంత సూటిగా వచ్చింది. నీ కథలో ఆ ఇద్దరూ నువ్వే. ఆ బోయవాడు విల్లు భుజాన వేసుకుని ఇంటికి వెళ్ళాడా, ఆ పూట అన్నం తిన్నాడా, అది రామాయణం చెప్పలేదు. నువ్వు నిలబడి రాయాల్సిన చోటు అక్కడుంది. శాపం నోట్లోంచి వచ్చాక ఇదేమిటి ఇలా అనేశాను అని వాల్మీకి కూడా మథనపడ్డాడు. ఆ మథన కూడా గుర్తుంచుకో, నిన్ను నువ్వు తిట్టుకునేటప్పుడు పనికొస్తుంది.

మరి కథలో ఏం బాగుంది అంటావా? ఏడో పేజీలో నాలుగు వాక్యాలు. తొట్టి దగ్గర్నుంచి వంటింటి గడప దాకా గచ్చు మీద చిన్న చిన్న మట్టి అడుగులు, ఎండిపోయి. మూడు వేళ్ళు, మధ్యలో పొర గుర్తు. ఒక దాని అడుగులు మాత్రం గోడవారగా విడిగా ఉన్నాయి. మీ అమ్మ గచ్చు కడగడానికి బకెట్ తెస్తే నువ్వు చీపురు లాక్కున్నావు. అక్కడ ఒక్క విశేషణం లేదు, అక్కడే నాకు గొంతు పట్టేసింది. మొదటి మూడు పేజీల్లో మరణం గురించి రాసినదంతా తీసెయ్యి. ఈ అడుగులతో మొదలుపెట్టు. మీ నాన్నగారి పలుగు చప్పుడు వెనక నుంచి వినపడనీ.

మళ్ళీ బాతుల్ని పెంచే అర్హత నాకుందా అని అడిగావు. మిగిలిన ఆ ఒక్కటి నీ అర్హత సంగతి ఆలోచించే తీరికలో ఉండదమ్మా. ఒంటరిగా ఉంటే అరుపు ఆపదు, అరిచి అరిచి తిండి మానేస్తుంది. ఈ వారంలోనే దానికి జతగా ఇంకో రెండు తెచ్చుకో, ఇంచుమించు అదే ఈడువి. పెట్టె పైన ఒక పక్కగా బల్బు వేలాడదియ్యి. వేడి ఎక్కువైతే అవే అవతలి మూలకి జరుగుతాయి, తక్కువైతే ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. వాటిని చూస్తే నీకే తెలుస్తుంది. తాగే నీళ్ళ గిన్నె ముక్కు ముంచుకునేంత లోతుండాలి, లోపలికి దిగేంత వెడల్పు ఉండకూడదు. దాణా ప్రతిసారీ వాసన చూసి పెట్టు. రాత్రిపూట పందికొక్కు దూరకుండా పైన జల్లెడ బోర్లించి రాయి పెట్టు.

ఏడెనిమిది వారాలకి ఒంటినిండా ఈకలు వస్తాయి. అప్పుడు ఎండ ఉన్న పూట చూసి అదే తొట్టిలో వదులు. నీకు చెయ్యి వణుకుతుంది, వణకనీ. మొదట ఏది దిగిందో, నీళ్ళు వీపు మీద నుంచి ఎలా జారాయో నాకు రాయి.

నీ
పెద్దమ్మ లాంటి మనిషి