‘ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?’

ప్రశ్న: మాది మాదాపూర్‌లో సుమారు 200 మంది పనిచేసే సంస్థ. మా విభాగాధిపతి తనతో అసభ్యంగా ప్రవర్తించారని ఒక సహోద్యోగిని నాలుగు నెలల తర్వాత అంతర్గత కమిటీకి ఫిర్యాదు చేసింది. భోజనాల దగ్గర అందరూ ‘ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకుంది? ప్రమోషన్ రాకపోయేసరికి గుర్తొచ్చిందా?’ అంటున్నారు. ఆయన నాకు ఎంతో సాయం చేసినవారు. కానీ అప్పట్లో ఒక సాయంత్రం ఆమె ఆయన గదిలోంచి వచ్చి, వాష్‌రూమ్‌లో కుళాయి విప్పి చాలాసేపు అలాగే నిలబడటం చూశాను. ఏమైందని అడిగితే తలనొప్పి అంది. నేను ఎవరి పక్షాన ఉండాలి?
– ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: ఆయన మీకు చేసిన సాయం నిజమే కావచ్చు. అది మీ విషయంలో ఆయన ఎలా ఉన్నారో చెబుతుందే తప్ప, తలుపు వేసిన గదిలో ఆమెతో ఎలా ఉన్నారో చెప్పదు. మనలో చాలామంది పొరబడేది ఇక్కడే.

‘ఇన్నాళ్లూ ఎందుకు’ అనే ప్రశ్నకు జవాబు మన ఇళ్లలోనే ఉంది. ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వెళ్లి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకేనని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగిన అమ్మాయి, జీతం పెంపు ఎవరి చేతిలో ఉందో ఆ మనిషి మీదే ఫిర్యాదు రాయడానికి నాలుగు నెలలు తటపటాయించడంలో వింతేముంది? ఇంట్లో చెబితే ఉద్యోగం మానేసి వచ్చేయమంటారన్న భయం వేరే ఉంటుంది. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం కూడా దీన్ని గుర్తించింది. ఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు చేయాలంటూనే, తగిన కారణముంటే కమిటీ మరో మూడు నెలల వరకు గడువు పొడిగించవచ్చంది.

ఈ నగరం ఇలాంటి మాటలను ఎలా వింటూ వచ్చిందో కూడా చూడండి. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో తనపై అత్యాచారం జరిగిందని ఒక మహిళ చెబితే, విచారణ కమిషన్ ముందు ఆమె నడవడికనే బోనెక్కించారు. 2019లో దిశ కేసు నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చి చంపితే, నేరం రుజువు కాకముందే జనం పోలీసులపై పూలు చల్లారు. నిందితుడు లారీ మీద పనిచేసే కుర్రాడైతే విచారణే అక్కర్లేదంటాం. మనకు తెలిసిన పెద్దమనిషైతే ఎంత సాక్ష్యమూ చాలదంటాం. రెండు చోట్లా మనం తూచింది నిందితుడి స్థాయినే. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

తప్పుడు ఫిర్యాదులు అసలే ఉండవని నేననను. దురుద్దేశంతో అబద్ధం చెప్పినట్లు విచారణలో తేలితే చర్య తీసుకునే వీలు ఆ చట్టంలోనే ఉంది. అయితే రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదు అబద్ధమైపోదని కూడా అదే చట్టం స్పష్టంగా చెప్పింది. విచారణను 90 రోజుల్లో ముగించాలి. అంతవరకు తీర్పు చెప్పవలసిన బాధ్యత మీది కాదు, ఆ భోజనాల బల్లదీ కాదు. ఆ మాటలు మీ దగ్గరికి వచ్చినప్పుడు ‘కమిటీ చూస్తోంది కదా, మనకెందుకు’ అని గట్టిగా అనండి.

మౌనంగా ఉండకూడని చోటు మాత్రం ఒకటుంది. ఆ సాయంత్రం మీరు చూసింది చూసినట్టు, గుర్తున్నంత మేరకు తేదీ, సమయంతో రాసి, సంతకం చేసి కమిటీకి ఇవ్వండి. మీ ఊహలు, అభిప్రాయాలు అందులో చేర్చవద్దు. ‘తలనొప్పి అంది’ అన్న మాట కూడా వదిలేయవద్దు. మరో సంగతి, ఇది ఆమెకు తెలిసి ఉండకపోవచ్చు: విచారణ జరిగినన్నాళ్లూ తననో ఆయననో వేరే చోటికి బదిలీ చేయమని, లేదా తనకు మూడు నెలల వరకు సెలవు ఇమ్మని ఆమె కమిటీని రాతపూర్వకంగా కోరవచ్చు. ఈ మాట మీరే ఆమెకు చెప్పండి.